కొనేముందు ఒక్క మాట: మామగారి ‘డిట్ డా’ పెట్టె



పోయిన వారం తడి గ్రైండర్ల గురించి రాశాను కదా. రాయి బరువు ఎంతుండాలి, బెల్టు ఎక్కడ దొరుకుతుంది అని చాలామంది అడిగారు. వాటికి జవాబులు వచ్చే వారం తప్పకుండా రాస్తాను. ఈ వారం మాత్రం మీలో చాలామంది పేరు కూడా విని ఉండని వస్తువు గురించి చెప్పాలనిపించింది. దాని పేరు ‘ఎలక్ట్రానిక్ కీయర్’. సబ్బుపెట్టె అంత ఉంటుంది. వంటింట్లో దానితో పనేమీ లేదు. కానీ మా ఇంట్లో ఒక పెద్దాయన మళ్ళీ నవ్వడానికి అదే కారణమయింది. అంతకుముందు తప్పుగా కొని నేను డబ్బు పారేసుకున్నదీ దాని మీదే. అందుకే రాస్తున్నాను.

మా మామగారికి 79 ఏళ్ళు. 1966లో తంతి తపాలా శాఖలో చేరి, చిత్తూరులోనూ చుట్టుపక్కల ఊళ్ళలోనూ టెలిగ్రాఫిస్టుగా పనిచేశారు. చావు కబురైనా, ఉద్యోగం కబురైనా ఆ రోజుల్లో ‘టక్కు టక్కు’మని ఆ తీగ మీదే వచ్చేది. మన దేశంలో తంతి 1850లో కలకత్తా, డైమండ్ హార్బర్ మధ్య మొదలయింది. 2013 జూలైలో టెలిగ్రాములు పూర్తిగా ఆగిపోయాయి. ఆ రోజు టీవీలో వార్త చూస్తూ మామగారు అన్నం ముద్ద చేతిలోనే పెట్టుకుని కూచుండిపోవడం నాకింకా గుర్తుంది.

అయితే ఆయనకు ఆ విద్య ఉద్యోగంతో పోలేదు. ఉద్యోగంలో ఉండగానే పరీక్ష రాసి అమెచ్యూర్ రేడియో లైసెన్సు తెచ్చుకున్నారు. దాన్నే ‘హామ్ రేడియో’ అంటారు. డబ్బు కోసం కాకుండా, సరదాకూ నేర్చుకోవడానికీ, అవసరమొస్తే సాయానికీ రేడియోలో మాట్లాడుకునేవాళ్ళు వీళ్ళు. మా మిద్దె మీద రెండు కర్రల మధ్య 66 అడుగుల తీగ కట్టి ఉంటుంది. నేను కాపురానికొచ్చిన కొత్తలో బట్టలారేసుకునే తీగ అనుకుని దాని మీద చీర వేసి చీవాట్లు తిన్నాను! ఆయన మైకులో మాట్లాడేది తక్కువ. అంతా మోర్స్ కోడే. రోజూ పొద్దున ఏడు గంటలకు తిరునల్వేలిలో ఉన్న పాత స్నేహితుడితో ‘డిట్ డా’ అంటూ పలకరింపు. ఇద్దరూ ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఒకేచోట శిక్షణ పొందినవాళ్ళు. ముప్ఫై ఏళ్ళుగా ఆ పలకరింపు అయ్యాకే మా ఇంట్లో రెండో కాఫీ.

పోయిన ఏడాది ఆయనకు పక్షవాతం వచ్చింది. దేవుడి దయ, మాట నిలిచింది, నడక తిరిగొచ్చింది. కుడిచెయ్యి మాత్రం సగమే వచ్చింది. ఆస్పత్రి నుంచి వచ్చిన పదో రోజున సెట్టు ముందు కూచుని కీ మీద చెయ్యి పెట్టారు. అక్షరాలు రాలేదు. చుక్క పెట్టబోతే గీత పడుతోంది, గీత మధ్యలో తెగిపోతోంది. సెట్టు ఆపేసి మీద తువాలు కప్పేశారు.

“చెయ్యి మాట వినేట్లు లేదమ్మా. ఇంగ చాల్లే” అన్నారు.

అవతల ఆ స్నేహితుడు పొద్దున్నే ఏడింటికి పిలుస్తూనే ఉంటాడు కదా, ఈయన వింటూ కూడా జవాబివ్వలేకపోతే ఎట్లా ఉంటుందో ఆలోచించండి. మావారు “ఫోన్ ఉంది కదా నాయనా” అన్నారు. ఆయన పలకలేదు. నాకు మాత్రం అర్థమయింది. వంట చెయ్యలేని పరిస్థితి వచ్చిన ఆడదానికి “హోటల్ ఉంది కదా” అంటే ఎట్లా ఉంటుంది?

ఇంతకీ కీయర్ అంటే ఏమిటి?

మోర్స్ కోడ్‌లో ఉన్నవి రెండే శబ్దాలు. పొట్టిది ‘డిట్’, అంటే చుక్క. పొడుగుది ‘డా’, అంటే గీత. లెక్క మన కొలతల్లాగే కచ్చితంగా ఉంటుంది. చుక్క ఒక వంతైతే గీత మూడు వంతులు. ఒకే అక్షరంలో చుక్కకూ గీతకూ మధ్య ఒక వంతు ఖాళీ, అక్షరానికీ అక్షరానికీ మధ్య మూడు, మాటకూ మాటకూ మధ్య ఏడు. నిమిషానికి 12 మాటల వేగంలో ఒక్క చుక్క సెకనులో పదోవంతు మాత్రమే. ఆ కొలత తప్పితే ఉప్పు తప్పిన పప్పే. అవతలివాళ్ళకు ఎక్కదు.

పాతకాలపు కీకి ఉన్నది ఒకటే మీట. ఎంతసేపు నొక్కితే అంత పొడుగు శబ్దం. కొలత అంతా మణికట్టులోనే ఉండాలి. ఏళ్ళ తరబడి ఇట్లా కొట్టి కొట్టి ఎంతోమంది టెలిగ్రాఫిస్టులకు చేతులు పట్టేసేవి. ఆ బాధ తగ్గించడానికే అమెరికాలో హొరేస్ మార్టిన్ అనే ఆయన 1904లో ఒక కీకి పేటెంటు తీసుకున్నారు. ‘వైబ్రోప్లెక్స్’ అని పేరొచ్చింది. అందులో చుక్కలను స్ప్రింగు తానే కొడుతుంది, గీతలు మాత్రం మనం కొట్టాలి. దాన్ని ‘బగ్’ అంటారు.

ఎలక్ట్రానిక్ కీయర్ దానికంటే ఇంకో అడుగు ముందుకేసింది. దానికి ‘పాడిల్’ అనే మీట తగిలిస్తాం. పాడిల్ నిలువుగా ఉంటుంది, పక్కలకు కదులుతుంది. బొటనవేలితో ఒకవైపు తాకితే కీయర్ చుక్కలు పంపుతుంది, చూపుడువేలితో రెండోవైపు తాకితే గీతలు పంపుతుంది. చుక్కంటే చుక్కంతే, గీతంటే గీతంతే. కొలత పెట్టెది, ఏది కావాలో చెప్పడం మాత్రమే మన పని. బలం అక్కర్లేదు, మణికట్టు కదలక్కర్లేదు.

ఈ సంగతి మావారి స్నేహితుడొకాయన చెబితే నాకు ప్రాణం లేచొచ్చింది. మామగారికి చెబితే ఆయన పెదవి విరిచారు.

“ఇడ్లీ రేకులో పోసిన ఇడ్లీ ఎవురు పోసినా ఒకటే ఉంటాదమ్మా. దోసె జూస్తే ఎవురి చెయ్యో తెలుస్తాది. నా చెయ్యి లేకపోతే వాడు నన్నెట్లా గుర్తుపడతాడు?”

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. నిజమే మరి. వాళ్ళలో ఒక్కొక్కరి చేతిరాత ఒక్కో రకమట, చెవితోనే గుర్తుపడతారట. ఆయన మాట మనసులో పెట్టుకునే, అయినా ఒకటి కొన్నాను.

నేను చేసిన తప్పు

చవగ్గా వస్తోందని, బొమ్మ చూసి, ఇంకేమీ అడక్కుండా తెప్పించాను. ఎవరి దగ్గర కొన్నానో ఇక్కడ అక్కర్లేదు, తప్పు ఎక్కువగా నాదే. మా మామగారి సెట్టు వాల్వులున్న పాత రకం. కీయర్ ప్లగ్గు సెట్టులో పెట్టగానే, పాడిల్ ముట్టకుండానే, ‘కూ...’ అని ఒకటే మోత. సెట్టు ఆపకుండా ప్రసారం చేసేస్తోంది! మామగారు ఎడంచేత్తో ప్లగ్గు లాగేశారు కాబట్టి సరిపోయింది. అట్లాగే వదిలేస్తే వాల్వులు మాడిపోయేవి.

తర్వాత మా వీధి రేడియో మెకానిక్ మల్టీమీటరు పెట్టి చూస్తే, సెట్టు కీ ప్లగ్గులో మైనస్ 60 వోల్టుల పైన ఉంది. ఇప్పటి సెట్లలో అక్కడ ప్లస్ 5 వోల్టులో, కాస్త అటూఇటో ఉంటుంది. చిన్న కీయర్లలో ఉండే ట్రాన్సిస్టరు అట్లాంటి ప్లస్ వోల్టులకే సరిపోతుంది. మైనస్ వోల్టు తగిలితే అది తలుపు మూసి ఉంచలేదు, కరెంటు లోపలికి పోతూనే ఉంటుంది. అంటే సెట్టుకు కీ నొక్కి పట్టుకున్నట్టే. తిరిగి తీసుకోమని అడిగితే ‘వాడేశారు కదా’ అన్నారు. చీర కొనేటప్పుడు అంచు తిప్పి చూసే నేను, దీన్ని తిప్పి చూడలేదు!

అందుకే, మీ ఇంట్లో అబ్బాయికో, అమ్మాయికో, మీవారికో, మీకోసమో కీయర్ కొనాల్సి వస్తే, ఇవన్నీ అడిగి కొనండి.

కొనేముందు చూడవలసినవి

1. అసలు కొనాలా? ఇప్పటి సెట్లలో చాలావాటికి కీయర్ లోపలే ఉంటుంది. పాడిల్ ఒక్కటి కొనుక్కుంటే చాలు. సెట్టుతో వచ్చిన పుస్తకం తీసి చూడండి. మన హైదరాబాదుకు చెందిన అష్‌హర్ ఫర్హాన్ గారు రూపొందించిన ‘బిటెక్స్’ సెట్ల పేరు ప్రపంచంలోని హామ్‌లందరికీ తెలుసు. ఆ వరుసలో వచ్చిన ‘మైక్రో బిటెక్స్’లో కీయర్ లోపలే ఉంది. ఆ బోర్డుల తయారీలో ఆడవాళ్ళ బృందం పనిచేసిందని తెలిసి నాకు ఎంత గర్వమనిపించిందో!

2. మీ సెట్టు ఏ రకం? సెట్టు పాతదైతే కీ ప్లగ్గులో ఎన్ని వోల్టులున్నాయో, ప్లస్సో మైనస్సో తెలిసినవాళ్ళ చేత కొలిపించండి. వాల్వు సెట్టు జోలికి మనంతట మనం వెళ్ళకూడదు, ప్రాణాపాయం. కొన్ని పాత సెట్లలో కీ దగ్గరే వంద వోల్టులు దాటి ఉండొచ్చు. అట్లాంటివాటికి రిలేతోగానీ, ఆ వోల్టులకు తగిన ఆప్టో కప్లరుతోగానీ పనిచేసే కీయర్ కావాలి. రిలే అంటే చిన్న స్విచ్చు. దానికి ప్లస్సూ మైనస్సూ తేడా లేదు. మా మెకానిక్ నేను కొన్న ఆ కీయర్‌కే చిన్న రీడ్ రిలే ఒకటి జతచేసి ఇచ్చాడు. పారేసుకున్న డబ్బులో సగం అట్లా తిరిగొచ్చింది.

3. వేగం మార్చేది తిప్పుడు బిరడాయా, బొత్తామా? కొన్నింట్లో ఒక బొత్తాం నొక్కి పట్టుకుని, పాడిల్ తాకి, శబ్దాలు లెక్కపెట్టి వేగం మార్చాలి. కుర్రవాళ్ళకు పరవాలేదు. పెద్దవాళ్ళకు మిక్సీకి ఉన్నట్టు తిప్పుకునేది ఉంటేనే సుఖం. నిమిషానికి 5 మాటల దాకా దిగుతుందో లేదో కూడా అడగండి. కొత్తగా నేర్చుకునేవారికీ, చెయ్యి కోలుకుంటున్నవారికీ పై వేగంతో పనిలేదు, కింది వేగంతోనే పని.

4. జ్ఞాపకం ఉందా? ఇది రెండు రకాలు. మొదటిది చుక్క జ్ఞాపకం. గీత ఇంకా పోతుండగానే మన వేలు తొందరపడి చుక్కను తాకుతుంది. మంచి కీయర్ దాన్ని గుర్తుపెట్టుకుని గీత అయ్యాక పంపుతుంది. ఆ సదుపాయం లేని నాసిరకం వాటిలో చుక్క మాయమవుతుంది. ‘డా-డిట్’ అంటే ఎన్. చుక్క పోతే ఉత్త ‘డా’, అంటే టి. మీ పేరులో ఎన్ ఉంటే పేరే మారిపోతుంది! ఇది లేనిది ఎంత చవకైనా కొనకండి.

రెండోది సందేశాల జ్ఞాపకం. మన పిలుపు పేరు, ఊరు దాచుకుని ఒక్క బొత్తాంతో పంపొచ్చు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకు ఇది సోమరితనంలా కనబడుతుంది. చెయ్యి అలిసిపోయేవాళ్ళకు అదే విశ్రాంతి. మా ఇంట్లో రెండు సందేశాలు దాచేది ఉంటే చాలనిపించింది.

5. ఎడమచేతివాటం. మామూలుగా పాడిల్ కుడిచేతివాళ్ళకని ఉంటుంది, బొటనవేలికి చుక్క, చూపుడువేలికి గీత. ఎడంచేత్తో వాడితే రెండూ తారుమారవుతాయి. ‘పాడిల్ రివర్స్’ అనే సదుపాయం కీయర్‌లో ఉంటే బొత్తాంతో మార్చుకోవచ్చు. లేకపోతే పాడిల్ వెనక రెండు తీగలు మార్చి అతికించాలి. మాకు ఇది చాలా ముఖ్యమయింది, ఎందుకంటే మామగారు ఎడంచేత్తో మొదలుపెట్టాలి.

6. ‘ఎ’ రకమా, ‘బి’ రకమా? రెండు మీటల పాడిల్‌ను రెండువేళ్ళతో ఒకేసారి నొక్కిపడితే చుక్క, గీత, చుక్క, గీత అని ఒకదాని తర్వాత ఒకటి పోతాయి. దీన్ని ‘అయాంబిక్’ అంటారు. ‘ఎ’ రకంలో వేళ్ళు వదిలితే ఆ నడుస్తున్నది పూర్తి చేసి ఆగిపోతుంది. ‘బి’ రకంలో ఇంకొకటి అదనంగా పంపి ఆగుతుంది. ఏది గొప్పదని అడగకండి, ఆవకాయలో బెల్లం వెయ్యాలా వద్దా అన్నట్టు ఆ వాదన తెగదు. ఒకదానికి అలవాటుపడిన వేలు రెండోదానిలో తప్పులు చేస్తుందని మాత్రం గుర్తుంచుకోండి. రెండు రకాలూ పెట్టుకునే వీలున్నది కొంటే సరి.

7. వినబడే శబ్దం. కీయర్‌లో చిన్న స్పీకరు ఉంటే సెట్టు లేకుండానే సాధన చేసుకోవచ్చు. శబ్దం సన్నంగా, బండగా మార్చుకునే వీలు చూడండి. వయసు మళ్ళినవారికి కీచు శబ్దం సరిగా వినబడదు.

8. బ్యాటరీ. మామూలు పెన్సిల్ సెల్స్‌తో నడిచేది మేలు. ఏ అంగట్లోనైనా దొరుకుతాయి. వాడనప్పుడు తానే నిద్రపోయే రకమైతే నెలల తరబడి వస్తాయి. కొన్నింట్లో బిళ్ళ లాంటి బటన్ సెల్ ఉంటుంది. పసిపిల్లలున్న ఇంట్లో అది చాలా జాగ్రత్త! మింగితే కొన్ని గంటల్లోనే లోపల కాలి పుండు పడుతుంది. మూతకు స్క్రూ ఉన్నది మాత్రమే కొనండి. పొరపాటున మింగారనిపిస్తే క్షణం ఆలస్యం చెయ్యకుండా ఆస్పత్రికి పరుగెత్తండి.

9. పెట్టె ఇనుముదా, ప్లాస్టిక్కుదా? సెట్టు ప్రసారం చేసేటప్పుడు రేడియో తరంగాలు తీగల వెంట కీయర్‌లోకి దూరితే, అది పిచ్చిపట్టినట్టు చుక్కలు పంపుతూనే ఉంటుంది. లోహపు పెట్టె, పొట్టి తీగలు ఉంటే ఈ బాధ తక్కువ. తీగకు ఫెరైట్ పూస తగిలించినా తగ్గుతుంది.

10. ప్లగ్గు. పాడిల్‌కు మూడు భాగాలున్న స్టీరియో ప్లగ్గు కావాలి. రెండు భాగాల మోనో ప్లగ్గు పెడితే గీతలు ఆగకుండా పోతాయి. కీయర్ పాడైపోయిందని గొడవకు దిగేముందు ప్లగ్గు చూసుకోండి.

పాడిల్ సంగతి

కీయర్ కంటే పాడిల్‌కే ఎక్కువ ఖర్చయ్యే అవకాశముంది. దాంట్లో పిసినారితనం వద్దు. అడుగు బరువుగా ఉండాలి, లేకపోతే తాకినప్పుడల్లా జరిగిపోతుంది. మాది తేలికరకం. అందుకని నేను వాడకుండా పెట్టిన రాతి చపాతీ పీట మీద రబ్బరు గుడ్డ వేసి, దాని మీద బిగించాను. ఇప్పుడు కదలమన్నా కదలదు!

చేతివణుకు ఉన్నవారికి రెండు మీటలది కంటే ఒకే మీట ఉన్న పాడిల్ మంచిది. పొరపాటున రెండువైపులా ఒకేసారి తాకే పనిలేదు. వేలు ఆనితేనే పలికే ‘టచ్’ పాడిల్స్ కూడా ఉన్నాయి. వణికే చేతికి అవి పనికిరావు, అనకుండానే పలికేస్తాయి. మీట కదిలే దూరం మొదట్లో కాస్త ఎక్కువగా పెట్టి, చెయ్యి కుదురుకునేకొద్దీ తగ్గించుకోవాలి. స్ప్రింగు కూడా అంతే, మరీ వదులుగా ఉంటే వణుకు కూడా అక్షరమైపోతుంది. నెలకోసారి తెల్లకాగితం ముక్కను కాంటాక్టుల మధ్య పెట్టి మెల్లగా లాగితే మురికి వచ్చేస్తుంది. గరుకు కాగితం మాత్రం పెట్టకండి, వెండిపూత లేచిపోతుంది.

ఇంకో మాట. మన వైపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఉరుముల వానలు. మబ్బు కమ్మగానే మిద్దె తీగను సెట్టు నుంచి తీసేయండి. కీయర్ ఏమవుతుందో అని కాదు, ఇల్లు ఏమవుతుందో అని.

మనకెందుకు ఇవన్నీ అంటారా?

2021 నవంబరులో తిరుపతిని ముంచెత్తిన వాన మనం మరిచిపోలేదు కదా. స్వర్ణముఖి పొంగి, కనుమ దారులు మూతపడి, ఊరంతా అతలాకుతలమయింది. అట్లాంటప్పుడు కరెంటూ ఫోనూ పోతే కబురు ఎట్లా? 2004 డిసెంబరు 26న సునామీ వచ్చిన రోజున, హైదరాబాదులోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ తరఫున భారతీ ప్రసాద్ గారి బృందం అండమాన్‌లో పోర్ట్‌బ్లెయిర్‌లో ఉంది. సరదాగా ప్రపంచంతో మాట్లాడడానికి వెళ్ళినవాళ్ళు, ఆ రోజు నుంచి తప్పిపోయినవాళ్ళ కబుర్లు బంధువులకు చేరవేసే పనిలో పడ్డారు. ఆ బృందానికి నాయకురాలు ఆడమనిషి! మోర్స్ అయితే మాటకంటే తక్కువ శక్తితో ఎక్కువ దూరం పోతుంది, గోలలోనూ వినబడుతుంది.

మన ఇంటి దగ్గర సంగతులే చూడండి. మన శ్రీహరికోట నుంచి 2005 మే 5న హామ్‌ల కోసమే ‘హామ్‌శాట్’ అనే ఉపగ్రహం వెళ్ళింది. గాదంకిలో పెద్ద రాడార్ ఆకాశం పైపొరలను చదువుతోంది. ఆ పైపొరలకు తగిలి తిరిగి దిగడం వల్లనే మామగారి ‘డిట్ డా’ తిరునల్వేలి దాకా పోతోందని ఆయన చెబితే, తిరుపతిలో ఇన్నేళ్ళు ఉండి నాకు తెలియకపోయెనే అనుకున్నాను.

12 ఏళ్ళు నిండినవాళ్ళెవరైనా పరీక్ష రాయొచ్చనేది మన దేశంలో చాలాకాలంగా ఉన్న నియమం. కేంద్ర ప్రభుత్వ వైర్‌లెస్ విభాగం లైసెన్సు ఇస్తుంది. మోర్స్ తప్పనిసరి అనే నియమాన్ని అంతర్జాతీయంగా 2003లోనే సడలించారు. ఆ తర్వాత మన దగ్గర కూడా మోర్స్ రాకుండానే మొదటి మెట్టు లైసెన్సు తీసుకునే వీలు వచ్చింది. పై మెట్టుకు నిమిషానికి 8 మాటల వేగం అడుగుతూ వచ్చారు. దరఖాస్తు చేసేటప్పుడు అప్పటి నియమాలు చూసుకోండి. లైసెన్సు లేకుండా ప్రసారం చెయ్యడం నేరం, ఇంట్లోవాళ్ళ సెట్టే కదా అని ముట్టకూడదు. కీయర్ స్పీకరుతో ఇంట్లో సాధనకు మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేదు. నేను కుక్కరు మూడు విజిళ్ళు వచ్చేలోగా రోజుకు రెండు అక్షరాలు చొప్పున నేర్చుకుంటున్నాను. ఇప్పటికి ‘ఎస్’ దాకా వచ్చాను!

తర్వాత ఏమైందంటే...

డాక్టరుగారిని అడిగాకే మొదలుపెట్టాం. మొదటి వారం సెట్టు పెట్టనే లేదు. కీయర్ శబ్దంతోనే, నిమిషానికి 6 మాటలు, రోజుకు పదేసి నిమిషాలు, ఎడంచేత్తో. యాభై ఏళ్ళు ఆ విద్య చేతిలో పెట్టుకున్న మనిషి పలక పట్టిన పిల్లవాడిలా తప్పులు చేస్తుంటే చూడలేక నేను వంటింట్లోకి వెళ్ళిపోయేదాన్ని. మూడో వారానికి పది మాటలకు వచ్చారు. ఒకరోజు పొద్దున ఏడింటికి తువాలు తీసి ఆయనే సెట్టు వెలిగించారు. నేను కాఫీ గ్లాసుతో తలుపు దగ్గరే నిలబడ్డాను.

మామగారు పిలిచారు. అవతల నుంచి జవాబు వచ్చింది గానీ ముభావంగా వచ్చిందట. ఆ స్నేహితుడికి అనుమానం. ఇది ఆయన చెయ్యి కాదు, కొడుకెవరో నేర్చుకుని పంపుతున్నట్టున్నాడు అనుకున్నాడట. మామగారి ముఖం చిన్నబోయింది. నాకు ఇడ్లీ రేకు మాట గుర్తొచ్చి గుండె జారిపోయింది. నేనే కదా పట్టుబట్టి కొనిపెట్టింది!

అయినా ఆయన ఆపలేదు. ఒంట్లో ఎట్లా ఉందో, చెయ్యి సంగతేమిటో మెల్లమెల్లగా పంపుతూ పోయారు. కీయర్ చుక్కనూ గీతనూ కొలుస్తుంది గానీ, మాటకూ మాటకూ మధ్య ఎంత ఆగాలో చెప్పదు. అది మనిషిదే. మామగారికి ఎప్పటి నుంచో ఒక అలవాటు, ఊరి పేరు పంపేముందు ఊపిరి తీసుకున్నట్టు కాస్త ఆగుతారు. ఆ రోజూ ‘తిరుపతి’ ముందు ఆగారు.

అవతల ఒక్క క్షణం నిశ్శబ్దం. తర్వాత గబగబా చుక్కలూ గీతలూ వచ్చిపడ్డాయి. మామగారు వింటూ వింటూ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

“ఏమంటున్నారు మామా?” అన్నాను.

“ఇన్ని నాళ్ళు యాడికి పోయినావురా అంటా ఉండాడమ్మా. ఆ ఆగడం ఉండాదే, దాన్ని పట్టుకున్నాడు దొంగ నాయాలు” అని నవ్వారు. పక్షవాతం వచ్చాక ఆయన అట్లా నవ్వడం అదే మొదలు.

ఆ రోజు రెండో కాఫీ ఎనిమిదిన్నరకు గానీ తాగలేదు. మళ్ళీ వేడి చేసి ఇవ్వాల్సి వచ్చింది.

కాబట్టి అక్కయ్యలూ, ఏ వస్తువైనా కొనేముందు వస్తువును మాత్రమే చూడకండి, వాడే మనిషి చెయ్యి చూడండి. కుడిదా ఎడమదా, గట్టిదా వణుకుతుందా, దేనికి అలవాటుపడింది? అవి తెలిస్తే సగం బేరం అయినట్టే.

వచ్చే వారం గ్రైండరు బెల్టుల సంగతి, దాంతోపాటు గ్యాసు పొయ్యి బర్నర్లు ఇత్తడివి కొనాలా, అల్యూమినియంవి కొనాలా అన్నది మాట్లాడుకుందాం. అంతదాకా సెలవు.